అతుకు నిలుస్తుంది, పక్కన పగులుతుంది: కాస్ట్ ఐరన్ రిపేరులో అసలు సంగతి

కారు ఇంజన్ నుంచి పొగను పైపులోకి పంపే పోత ఇనుప భాగం, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, బోల్టు చెవి దగ్గర పగిలింది. ఇంట్లో ఆర్క్ వెల్డింగ్ మిషన్ ఉంది, మామూలు ఇనుప రాడ్లూ ఉన్నాయి. పగులు మీద రాడ్డు నడిపి, పైన పెంకులా పేరుకున్న మడ్డి (స్లాగ్) కొట్టేసి చూస్తే అతుకు నున్నగా, గట్టిగా కుదిరినట్టే ఉంటుంది. కాసేపయ్యాక, ముక్క చల్లారుతుండగా, 'టిక్' మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే అతుకు చెక్కు చెదరలేదు. దానికి మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో అవతల, అతుకు పొడవునా, వెంట్రుకవాసి పగులు కొత్తగా పుట్టి ఉంటుంది.

కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) మీద మొదటిసారి చెయ్యి వేసిన వాళ్లలో చాలామందికి ఇదే జరుగుతుంది. రాడ్డు మంచిది కాదేమో అనుకుని ఖరీదైన రాడ్డు తెచ్చి, అదే పద్ధతిలో మళ్లీ వేస్తారు. మళ్లీ పక్కనే పగులుతుంది. రాడ్డు సంగతి తర్వాత చూడొచ్చు. ముందు తేలాల్సినవి రెండున్నాయి: ఈ భాగం మీద పడే భారం ఎలాంటిది, ఇది అసలు ఎందుకు పగిలింది. ఈ రెండూ తేలితే పద్ధతి దాదాపు దానంతటదే తేలిపోతుంది. ఒక్కోసారి రిపేరే చేయకూడదని కూడా తేలుతుంది.

ముందు లోహం సంగతి. మామూలు మెత్తటి స్టీలులో కార్బన్ 0.2 శాతం దగ్గర ఉంటే, పోత ఇనుములో 2.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. దానికి తోడు 1 నుంచి 3 శాతం సిలికాన్. అంత కార్బన్ ఇనుములో కరిగి ఉండలేదు. పోత పోసి నిదానంగా చల్లారనిస్తే అది గ్రాఫైట్ రేకులుగా విడిపడి లోహమంతటా పరుచుకుంటుంది. ఇంజన్ బ్లాకులు, పాత సిలిండర్ హెడ్లు, చాలా మానిఫోల్డ్‌లు ఈ రకానివే. విరిచి చూస్తే లోపల బూడిద రంగులో ఉంటుంది కాబట్టి దీన్ని గ్రే ఐరన్ అంటారు. గ్రాఫైట్‌కి బలం లేదు. తపాలా బిళ్లల షీటులో వరసగా చిల్లులు ఉన్నట్టు, ఈ రేకులు లోహంలో ముందే గాట్లు పెట్టి ఉంచుతాయి. అందుకే ఈ ఇనుము అదిమితే బ్రహ్మాండంగా ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం ఓర్చుకోదు. దీని నొక్కుడు బలం లాగుడు బలానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. మెత్తటి స్టీలు తెగేముందు 20 శాతానికి పైగా సాగుతుంది. గ్రే ఐరన్ ఒక్క శాతం కూడా సాగకుండానే పుటుక్కున విరుగుతుంది.

'టిక్' చప్పుడు ఎక్కడిదో ఇప్పుడు అర్థమవుతుంది. కరిగిన వెల్డ్ లోహం గట్టిపడి చల్లారే కొద్దీ కుదించుకుపోతుంది, అలా కుదించుకుపోతూ పక్కనున్న ఇనుమును తనవైపు లాగుతుంది. స్టీలయితే కాస్త సాగి సర్దుకునేది. గ్రే ఐరన్ సర్దుకోలేదు. దీని మీద ఇంకో దెబ్బ కూడా ఉంది. అతుకు అంచున ఇనుము ఎర్రగా కాలి, చుట్టూ ఉన్న చల్లటి లోహం వేడిని లాగేసుకోవడంతో గబుక్కున చల్లారుతుంది. అంత తొందరలో కార్బన్‌కి గ్రాఫైట్‌గా మారే వ్యవధి ఉండదు. ఇనుములోనే చిక్కుకుపోయి గాజులా పెళుసైన సన్నటి పొరను తయారు చేస్తుంది. ఆకురాయి కూడా దాని మీద జారిపోతుంది, డ్రిల్ బిట్ దిగదు. సాగని ఇనుము, పెళుసు పొర, రెండింటినీ లాగుతున్న అతుకు. ఈ మూడూ కలిసిన చోటే కొత్త పగులు పుడుతుంది.

కార్లలో ఇంకో రకం పోత ఇనుము కూడా ఉంటుంది, డక్టైల్ ఐరన్. కరిగిన ఇనుములో కొద్దిగా మెగ్నీషియం కలిపితే గ్రాఫైట్ రేకులుగా కాకుండా చిన్న చిన్న గుండ్లుగా ఏర్పడుతుంది. 1943లో కీత్ మిల్లిస్ అనే లోహ శాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతి ఇది. గాట్లు పోవడంతో ఆ ఇనుము సాగుతుంది, గుంజుడు తట్టుకుంటుంది. అందుకే చక్రాన్ని స్టీరింగుకి కలిపే స్టీరింగ్ నకిల్స్, బ్రేక్ క్యాలిపర్లు, కొన్ని క్రాంక్‌షాఫ్టులు దీంతో చేస్తారు. ఆ జాబితాను ఒకసారి మళ్లీ చూడండి. అవన్నీ విరిగితే మనుషుల ప్రాణాల మీదికొచ్చే భాగాలే.

అందుకే రిపేరు పద్ధతుల కన్నా ముందు ఈ మాట చెప్పాలి. బ్రేక్ డ్రమ్ము, డిస్కు, క్యాలిపర్, స్టీరింగ్ నకిల్, సస్పెన్షన్ ఆర్మ్, ఫ్లైవీల్, క్లచ్ ప్రెషర్ ప్లేటు, క్రాంక్‌షాఫ్ట్: వీటిలో ఏది పగిలినా ఇంట్లో అతకడం అన్న ఆలోచనే పెట్టుకోవద్దు. ఇంజన్‌కి తగిలించిన బరువైన చక్రం, ఫ్లైవీల్, నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. తిరిగే వేగం రెట్టింపైతే దాన్ని చీల్చే బలం నాలుగు రెట్లవుతుంది. అది పేలితే ముక్కలు క్లచ్ హౌసింగ్‌ను చీల్చుకుని కారు లోపలికి వస్తాయి. బ్రేక్ డిస్కు మీద వెల్డ్ వేస్తే పైకి కనిపించని పెళుసు పొర తయారై, గట్టిగా బ్రేకు నొక్కిన రోజున, అంటే సరిగ్గా అది పనిచేసి తీరాల్సిన రోజున, విరుగుతుంది. ఎంత అరుదైన పాత కారైనా సరే, ఈ విషయంలో సర్దుబాటు లేదు. కొత్తదో, పాత బండి నుంచి తీసిన మంచిదో దొరికేదాకా ఆగాల్సిందే.

మరి ఇంట్లో చేసుకోదగ్గవి ఏవి? బ్లాక్ బయటి వైపు నీరు తిరిగే వాటర్ జాకెట్ గోడ, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, గేర్‌బాక్స్ లేదా డిఫరెన్షియల్ హౌసింగ్‌లో భారం పడని మూల, ఏదైనా బ్రాకెట్ చెవి, వాటర్ పంప్ హౌసింగ్. ఇవి మళ్లీ పగిలితే నీళ్లో, ఆయిలో కారుతుంది, పొగ వస్తుంది. విరిగిన ఆ క్షణమే ప్రాణం మీదికి తెచ్చే రకం కావివి. సిలిండర్ హెడ్ మధ్యస్థం. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్ల మధ్య ఇరుకు చోట వచ్చే పగుళ్లను బాగు చేయొచ్చు గానీ, ఆ తర్వాత సీట్లు కోయడం, బ్లాకు మీద ఆనే ముఖాన్ని (ఫేసింగ్) చదును చేయడం మెషిన్ షాపులోనే అవుతుంది. దాన్ని ఇంటి పనిగా నేను లెక్కపెట్టను.

ఇక పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉన్నది ఏ లోహమో ఖాయం చేసుకోవాలి. అయస్కాంతం అంటుకోకపోతే అది అల్యూమినియం కావొచ్చు, దాని కథ పూర్తిగా వేరు. అంటుకుంటే, కనిపించని మూలలో ఉలి పెట్టి చిన్న పెచ్చు తీయండి. స్టీలయితే పెచ్చు చుట్టుకుంటూ లేస్తుంది. గ్రే ఐరన్ అయితే పొడిపొడిగా రాలుతుంది. గ్రైండర్ ఆనిస్తే స్టీలుకి పొడవాటి, తెల్లగా మెరిసే నిప్పురవ్వలు వస్తాయి, పోత ఇనుముకి చక్రం దగ్గరే ఎర్రగా, మందకొడిగా, పొట్టిగా వస్తాయి. వేలాడదీసి సుత్తితో తట్టితే డక్టైల్ ఐరన్ ఖంగుమని మోగుతుంది, గ్రే ఐరన్ మొద్దుగా పలుకుతుంది. ఏదో ఒక పరీక్షతో సరిపెట్టుకోకుండా రెండు మూడు కలిపి చూడడం మంచిది.

తర్వాత కారణం. ఈ ఒక్క మెట్టు దాటేయడం వల్లే అతికిన వాటిలో చాలా భాగం మళ్లీ పగులుతుంటాయని నా నమ్మకం. రేడియేటర్లో కూలెంట్ లేకుండా ఉత్త నీళ్లు పోసి, గడ్డకట్టే చలిలో బండి వదిలేస్తే నీరు మంచుగా మారి సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. వాటర్ జాకెట్ గోడ బయటికి ఉబ్బి పొడవుగా చీలుతుంది. ఇది ఒక్కసారి జరిగిన దెబ్బ. కూలెంట్ సరిచేస్తే మళ్లీ రాదు కాబట్టి ఈ పగులు అతకడానికి బాగా అనువైనది. మానిఫోల్డ్ వ్యవహారం అలా కాదు. 300 మిల్లీమీటర్ల పొడవున్న మానిఫోల్డ్ 600 డిగ్రీల దాకా వేడెక్కితే దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బండి ఆపితే మళ్లీ కుంచించుకుంటుంది. బండి తీసిన ప్రతిసారీ ఈ తంతు నడుస్తుంది. చివరి బోల్టులు మితిమీరి బిగించినా, స్టడ్డు (తల లేని బోల్టు) తుప్పుపట్టి రంధ్రంలో బిగుసుకుపోయినా, సైలెన్సర్ పైపు బరువును మోయాల్సిన బ్రాకెట్ ఊడిపోయినా, ఆ జరుగుబాటుకి చోటు దొరక్క మానిఫోల్డే చీలుతుంది. ఆ బ్రాకెట్ పెట్టకుండా చీలిక మాత్రం అతికితే ఫలితం తెలిసిందే.

ఇక వేడెక్కి ఉడికిపోతున్న ఇంజన్లో చన్నీళ్లు పోయడం గురించి చెప్పనక్కర్లేదు. లోపలి లోహం ఒక్కసారిగా కుంచించుకుని, వేడిగా ఉన్న పక్క భాగం నుంచి చిరిగిపోతుంది.

పగులు ఎక్కడిదాకా పాకిందో కంటితో తెలియదు. కనిపించే చివర కన్నా అది ఎప్పుడూ కాస్త ముందుకే పోయి ఉంటుంది. పాత పద్ధతి సులువే. భాగాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టి, పగులు మీద కిరోసిన్ పూసి కాసేపు నాననిస్తారు. పైపైన పొడిగా తుడిచేసి సుద్దపొడి చల్లుతారు. లోపలికి ఇంకిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి సుద్ద మీద చెమ్మగీతలా కనిపిస్తుంది. డై పెనెట్రెంట్ డబ్బాలు చేసేది కూడా ఇదే పని, మరింత స్పష్టంగా. ఎర్ర రంగు స్ప్రే చేసి పది పదిహేను నిమిషాలు ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే ఎర్రటి గీత తేలుతుంది. ఆ గీత రెండు చివరలా, కొసను దాటి కొంచెం ముందుగా, 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. పగులు కొస ఎంత సన్నగా ఉంటే అక్కడ ఒత్తిడి అంతగా పోగవుతుంది. గుండ్రటి రంధ్రం తగిలితే ఆ ఒత్తిడి చెదిరి పగులు నిలిచిపోతుంది. ఐదు నిమిషాల పని ఇది. దీన్ని మానేస్తే తర్వాత పడిన శ్రమంతా గాలిలో దీపమే.

ఇక వెల్డింగ్. పోత ఇనుము వెల్డింగ్‌లో రెండు దారులున్నాయి: పూర్తిగా వేడి చేసి వేయడం, లేదా చల్లగా ఉంచుతూ కొద్దికొద్దిగా వేయడం. రెండూ పనిచేస్తాయి. పనిచేయనిది మధ్యదారి, అంటే టార్చితో పగులు చుట్టూ మాత్రం కాస్త వేడిచేసి ఆపకుండా అతుకు పొడవునా రాడ్డు లాగేయడం. అప్పుడు వేడి, చల్లటి భాగాల మధ్య తేడా ఇంకా పెరుగుతుంది.

వేడి పద్ధతిలో భాగం మొత్తాన్ని, అంచు నుంచి అంచు దాకా, 260 నుంచి 650 డిగ్రీల మధ్య ఒకే తీరుగా వేడెక్కించాలి. 760 దాటనివ్వకూడదు, ఆ పైన లోహం అంతర్గత నిర్మాణమే మారడం మొదలవుతుంది. ఎంత వేడెక్కిందో తెలుసుకోవడానికి ఫలానా డిగ్రీ దగ్గర కరిగే క్రేయాన్లు దొరుకుతాయి. ఇన్‌ఫ్రారెడ్ గన్ మెరిసే ఉపరితలం మీద తప్పు చూపిస్తుంది. వెల్డ్ అయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. పొడి ఇసుకలోనో, వర్మిక్యులైట్‌లోనో, సిరామిక్ దుప్పటిలోనో పూడ్చి ఒక రాత్రంతా చల్లారనివ్వాలి. ఎలా ఉందో చూద్దామని మధ్యలో తెరవకూడదు. మానిఫోల్డ్ లాంటి చిన్న భాగాన్ని ఇంట్లో ఇలా చేయగలం. బ్లాకును ఒకే తీరుగా వేడెక్కించే కొలిమి ఇళ్లలో ఉండదు.

చల్లటి పద్ధతికి కావలసింది ఓపిక. పగులు వెంట వీ ఆకారంలో గాడి తీసి, నికెల్ రాడ్డుతో 25 మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఒక ముక్క వెల్డ్ వేస్తారు. అది ఇంకా వేడిగా ఉండగానే గుండు తల ఉన్న సుత్తితో దాని పొడవునా వరసగా చిన్న చిన్న దెబ్బలు వేస్తారు. గట్టిగా బాదడం కాదు, సుత్తి తన బరువుతో పడితే చాలు. ఆ దెబ్బలకు వెల్డ్ లోహం కాస్త పక్కలకు పరుచుకుని, కుదించుకుంటూ లాగే బలాన్ని తగ్గిస్తుంది. తర్వాత ఆగాలి. అతుకు పక్కన అరచెయ్యి ఆనిస్తే కాలకుండా నిలిపి ఉంచగలిగేదాకా ఆగాలి. అప్పుడు రెండో ముక్క, మొదటి దాని పక్కన కాకుండా దూరంగా పగులు ఇంకో చివర వేయాలి. మళ్లీ సుత్తి, మళ్లీ ఎదురుచూపు. అరచెయ్యంత పగులుకి పూట గడిచిపోతుంది. తొందరపడి గాలి కొట్టడం, నీళ్లు చల్లడం పనికిరావు.

రాడ్డు ప్రశ్నకు చోటు ఇక్కడ. నికెల్ రాడ్డు ఎందుకంటే, నికెల్ కార్బన్‌తో కలిసి పెళుసు పదార్థం కాదు. అతుకు మెత్తగా ఉండి, కాస్త సాగి, ఇనుము మీద పడే లాగుడు తానే భరిస్తుంది. డ్రిల్ చేయొచ్చు, ఆకురాయి పట్టొచ్చు. సుమారు 99 శాతం నికెల్ ఉన్నది సన్నటి గోడలకు, తర్వాత కోత పని ఉన్నవాటికి బాగుంటుంది. 55 శాతం నికెల్, మిగతా ఇనుము ఉన్నది ఇంకా బలమైనది, దళసరి భాగాలకూ డక్టైల్ ఐరన్‌కూ నప్పుతుంది, ఖరీదూ తక్కువ. మామూలు స్టీలు రాడ్డు పోత ఇనుములోని కార్బన్‌ను పీల్చుకుని తానే గట్టిపడిపోతుంది, కాబట్టి తర్వాత దాన్ని కోయడం కుదరదు.

ఒక్కోసారి అన్నీ సరిగ్గా చేసినా వెల్డ్ నిండా బుడగలొస్తాయి. ఏళ్ల తరబడి ఆయిల్లో నానిన ఇనుము దాన్ని లోపలికి పీల్చుకుని ఉంటుంది, సెగ తగలగానే అది పొగై పైకి వస్తుంది. భాగాన్ని ముందే 370 డిగ్రీల దగ్గర వేడిచేసి ఆ ఆయిల్‌ను కాల్చేయాలి, లేదా మొదటి పొరను గ్రైండర్‌తో తీసేసి మళ్లీ వేయాలి. శుభ్రం చేయడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. దాని తడి మీద ఆర్క్ పడితే ఫాస్జీన్ పుడుతుంది, అది ప్రాణాంతకమైన విషవాయువు. నికెల్ పొగ కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి గాలాడే చోటే పని చేయాలి. మూసుకుపోయిన గుల్ల భాగాన్ని వేడిచేసే ముందు లోపలి గాలి, ఆవిరి బయటికి పోయే దారి ఉందో లేదో చూడాలి. లేకపోతే అది పేలుతుంది.

బ్రేజింగ్ (ఇనుమును కరిగించకుండా ఇత్తడి పోసి అతకడం) గురించి జనం తక్కువ మాట్లాడతారు గానీ, గ్యాస్ టార్చి ఉన్న వాళ్లకు అది మంచి దారి. ఇత్తడి రాడ్డు 870 నుంచి 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇనుము కరగదు కాబట్టి పెళుసు పొర బెడద చాలావరకు తగ్గుతుంది, నిదానంగా చల్లార్చడం మాత్రం ఇక్కడా తప్పదు. చిక్కల్లా గ్రాఫైట్‌తోనే. గ్రైండర్ పడితే గ్రాఫైట్ నల్లటి పూతలా పరుచుకుని ఇత్తడిని అంటనివ్వదు. గాడిని ఆకురాయితో తీసి, ఆక్సిజన్ కాస్త ఎక్కువున్న మంటతో పైపైన కాల్చి, ఆ తర్వాత లోహం మీది తుప్పు పొరను కరిగించే ఫ్లక్స్ పూస్తే అంటుకుంటుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు మాత్రం బ్రేజింగ్ వద్దు, ఆ వేడికి ఇత్తడి బలం నీరుగారిపోతుంది. ఏళ్లకేళ్లు ఎర్రగా కాలి లోపలిదాకా ఆక్సీకరణ చెందిన మానిఫోల్డ్ అయితే ఏ రాడ్డూ దాన్ని పట్టుకోదు. వెల్డ్ చుక్క చుక్కగా జారిపోతుంటే దాన్ని పక్కన పెట్టేయడమే సరి.

బ్లాక్ పగిలితే నా ఓటు స్టిచ్చింగ్‌కి, అంటే మర పిన్నులతో పగులును కుట్టేయడానికి. మంట లేదు, కుదింపు లేదు, కాబట్టి పక్కన పగిలే ప్రశ్నే రాదు. పగులు మీద రంధ్రం వేసి, మర తీసి, దానికోసమే చేసిన మర పిన్నుకి సీలెంట్ పూసి బిగిస్తారు, పైన మిగిలింది కోసేస్తారు. తర్వాతి రంధ్రం ముందటి పిన్నును కొంత కొరుక్కుంటూ పడేలా వేస్తారు. ఇలా ఒకదాన్నొకటి పట్టుకున్న పిన్నుల వరస పగులు మొత్తాన్ని మింగేస్తుంది. బలం అవసరమైన చోట పగులుకి అడ్డంగా స్టీలు లాకులు కూడా దిగగొడతారు. ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. పోత ఇనుములో మర తీసేటప్పుడు ఆయిల్ వద్దు, గ్రాఫైటే కందెనలా పనిచేస్తుంది, ఆయిల్ పడితే సీలెంట్ అంటదు. ఇక మామూలు టేపర్ ప్లగ్గులు (కొసకు సన్నబడే బిరడాలు) వాడకూడదు, అవి మేకులా దిగి పగులును ఇంకా విడదీస్తాయి. స్టిచ్చింగ్ పిన్నుల మర మాత్రం రెండు వైపులనూ దగ్గరికి లాగేలా ఉంటుంది. హ్యాండ్ డ్రిల్లుతో, ఓపికతో ఇంట్లోనే చేయగలిగిన పని ఇది. వెల్డింగ్‌కి ఉన్న పేరు దీనికి లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఎపాక్సీని చిన్నచూపు చూడనక్కర్లేదు. రేడియేటర్ మూత నిలిపి ఉంచే ఒత్తిడి సుమారు 1 బార్, నీటి వేడి వంద డిగ్రీలకు అటూ ఇటూ. బయటి వాటర్ జాకెట్ మీది చిన్న పగులుకి, గాడి తీసి, గరుకు చేసి, జిడ్డు పూర్తిగా పోగొట్టి వేసిన స్టీలు ఎపాక్సీ ఆ మాత్రం తట్టుకుంటుంది. జిడ్డు మీద వేస్తే వారంలో పెచ్చుగా లేచొస్తుంది. కూలెంట్లో పోసే సోడియం సిలికేట్ సీలర్ సంగతి వేరు. అది పగులు గుండా ఊరుతూ వేడికి నీరంతా పోగొట్టుకుని గాజులా గట్టిపడుతుంది. సన్నటి ఊటకు పనికొస్తుంది గానీ హీటర్ కోర్, రేడియేటర్ సన్నటి గొట్టాల్లో కూడా పేరుకుంటుంది. బండి అమ్మేదాకా నెట్టుకొద్దామని ఇది పోసి, కొనేవాళ్లకు చెప్పకుండా ఊరుకోవడం అన్యాయం.

ఏ పద్ధతిలో అతికినా పరీక్ష చేయకుండా బండికి బిగించకూడదు. బ్లాకైతే రంధ్రాలన్నీ మూసి, లోపల వేడినీళ్లు నింపి, చేతిపంపుతో 2 బార్ దాకా ఒత్తిడి పెట్టి అరగంట చూడాలి. నీళ్లకు బదులు గాలి నింపితే, భాగం చీలినప్పుడు ముక్కలు ఎగిరిపడతాయి. మానిఫోల్డ్‌ను వెల్డ్ చేసేటప్పుడే దళసరి స్టీలు ప్లేటుకో, పాత హెడ్డుకో బిగించి ఉంచితే వంగదు. అయినా సరే, బిగించే ముందు స్కేలు ఆనించి ఫేసింగ్ చదునుగా ఉందో చూడాలి. వంగిన మానిఫోల్డ్‌ను బోల్టుల బలంతో లాగి కూర్చోబెడితే మొదటి వేడికే మళ్లీ చీలుతుంది. మొదటి కొన్ని వారాలు అతుకును వారానికోసారి టార్చిలైటుతో చూసి, నల్లటి మసి గీతో, ఎండిన కూలెంట్ తెల్లటి మరకో కనిపిస్తే బండి నడపడం ఆపి విప్పాలి. అదే భాగం రెండోసారి కూడా అతుకు పక్కనే పగిలితే మూడో అతుకు వేయొద్దు, భాగమే మార్చాలి.